బీరువా లాకర్ కాదు, అద్దం ముందున్న డబ్బా చూడు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. వచ్చే నెల పదో పెళ్లిరోజు, చేతిలో లక్షన్నర ఉంది, మీ ఆవిడ బ్యాంకులో పని చేసిద్ది, బంగారమా వజ్రపు రవ్వలా తేల్చుకోలేకపోతున్నావు, ఆవిడకి చెప్పకుండా కొని ఇవ్వాలని నీ సరదా, ఈలోపు మీ అమ్మగారేమో "ఎట్టాగూ అంత పెడతన్నావు, బరువున్నదే కొనరా, రేపు అక్కరకొచ్చిద్ది" అంటున్నారు. ఇదేగా సంగతి. నేను బెజవాడ గవర్నర్‌పేటలో నగల షాపుల్లో 19 ఏళ్లు కౌంటర్లో నిలబడ్డా, మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి, మానేశా, ఇప్పుడు తెలిసినవాళ్లకి ఆర్డర్ మీద వన్‌టౌన్‌లో ఒక పనాయన దగ్గర చేయించి ఇస్తుంటా. కాబట్టి అమ్మినదాన్నీ నేనే, కొనేవాళ్ల పక్కన నిలబడేదాన్నీ నేనే. కొంచెం పొడుగయిద్ది, ఓపిగ్గా చదువు.

మొదట ఒకటి చెప్తా విను. పెళ్లిరోజుకి మగవాళ్లు ఒంటరిగా వచ్చేది ఎప్పుడో తెలుసా, ముందురోజు రాత్రి ఎనిమిదింటికి, షట్టర్ సగం దించాక. చేతిలో బండి తాళాలు, ముఖాన చెమట, "మేడం ఏదైనా మంచిది చూపించండి." ఏదైనా మంచిది అంటే నేనేం చూపించను? మేనేజర్ ఏది కదలట్లేదని పొద్దున చెప్పాడో అది చూపిస్తా. అది నా ఉద్యోగం. లైట్ కింద పెడితే ప్రతిదీ మెరిసిద్ది, ఆయన ఏడు నిమిషాల్లో కార్డు గీకేసి వెళ్లిపోతాడు. మళ్లీ వారానికి ఆ నగ వచ్చేది, ఈసారి భార్య తెచ్చేది, "మా ఆయన ముచ్చటపడి కొన్నారండీ, ఏమనుకోకండి, మార్చుకోవచ్చా" అని చిన్న గొంతుతో. అట్టా తిరిగొచ్చినవాటిలో మొదటి స్థానం సైజు కుదరని ఉంగరాలది, తర్వాత హార్ట్ షేప్ లాకెట్లు, తర్వాత పెళ్లిళ్లకి తప్ప ఇంకెక్కడికీ పెట్టుకోలేని పొడుగు హారాలు. పొట్టి నల్లపూసలు, చిన్న కమ్మలు మాత్రం వెనక్కి వచ్చిన గుర్తు పెద్దగా లేదు నాకు.

అందుకే ముందు షాపుకి పోమాక. ఇంట్లో అద్దం ముందు ఆవిడ పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, బొట్టు బిళ్లలు వేసుకునే డబ్బా ఒకటి ఉంటదిగా, అది చూడు. బీరువా లాకర్లో ఉన్నవి పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు పెట్టినవి, అవి ఆవిడ ఇష్టం చెప్పవు, రెండు కుటుంబాల హోదా చెప్తాయి. ఈ డబ్బాలోవి ఆవిడ తనంతట తను రోజూ తీసి పెట్టుకునేవి. పచ్చటి బంగారమా, కొంచెం నల్లగా కనపడే ఆంటిక్ పాలిషా, రాళ్లుంటే కెంపులా తెల్లరాళ్లా, కమ్మ చెవికి అంటుకుని ఉండేదా వేలాడేదా, కమ్మ వెనక శీల తిప్పేదా నొక్కేదా, ఆ శీల సన్నమా మందమా. ఇవన్నీ చూసి పెట్టుకో. ఇంకా ముఖ్యం, ఒకప్పుడు పెట్టుకుని ఇప్పుడు మానేసిన వస్తువు ఏంటో చూడు. ఎందుకు మానేసిందో తెలిస్తే సగం పని అయినట్టే. చెవి సాగిందని బుట్టలు మానేసిందా, గొలుసు కొక్కెం జుట్టు లాగుతుందని మానేసిందా, ఉంగరం బిగుతైందా. మానేసినదాన్నే మళ్లీ కొత్తది కొని తెచ్చే మొగుళ్లు చాలామంది, అలవాటైన వస్తువు కదా అని.

మా ఇంటి సంగతే చెప్తా. మా పన్నెండో పెళ్లిరోజుకి మా ఆయన నెక్లెస్ కొన్నాడు. నేను పని చేసే షాపులో కొంటే తెలిసిపోయిద్దని వేరే షాపుకి పోయాడు పాపం, మూడు కాసుల పైచిలుకు, ఆంటిక్ పని, లక్ష్మీదేవి బిళ్ల, చుట్టూ కెంపులు పచ్చలు. చూడ్డానికి మహా ఉంది. మెడ దగ్గర వెనక వైపు గరుకు, మన బెజవాడ ఎండకి చెమటతో కలిస్తే మెడంతా ఎర్రబడిద్ది. ఇప్పటికి నాలుగుసార్లు పెట్టుకుని ఉంటా. పైగా బిల్లు చూశాగా, చూడకుండా ఉండలేనుగా, రాళ్ల బరువు తీయకుండా మొత్తం బరువు మీద తరుగు కట్టారు, తరుగంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం, మజూరీ పేరుతో షాపు పైన వేసే శాతం. ఆ సంగతి మా ఆయనకి ఇవాళ్టికీ చెప్పలేదు, ఆయన ముఖం చిన్నబోయిద్దని. ఆ షాపు పేరు అడగమాక, చెప్పను.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. బరువున్నదే కొను అనేది తప్పు మాట కాదు, ఆ తరం అట్టా కొనే పిల్లల ఫీజులు కట్టారు, పొలం కౌలు కట్టారు. కానీ అక్కరకొచ్చే బంగారం వేరు, పెళ్లిరోజుకిచ్చే నగ వేరు, రెండూ ఒకే వస్తువులో ఇరికిస్తే రెండూ చెడతాయి. లెక్క చూడు. బోర్డు మీద 22 క్యారెట్ల రేటు గ్రాము 10,000 అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటదని, నువ్వు కొనే రోజు బోర్డు మీద ఎంతుంటే అంత వేసుకో. 2025 ఏప్రిల్లో 10 గ్రాముల మేలిమి (24 క్యారెట్ల) బంగారం లక్ష తాకింది కదా, అప్పట్నుంచి లక్షన్నరకి వచ్చే బరువు చూస్తే నవ్వొస్తంది. సరే, ఒక కాసు గొలుసు, అంటే 8 గ్రాములు, 80,000. దాని మీద తరుగు 12 శాతం, 9,600. రెండూ కలిపి 89,600, దీని మీద జీఎస్టీ 3 శాతం 2,688. హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర, దాని చార్జి 45 రూపాయలు, దాని పన్ను. మొత్తం 92,300 పైన పడిద్ది. మర్నాడు అదే గొలుసు తీసుకెళ్లి అమ్మితే ఎక్కువలో ఎక్కువ ఆ 80,000 దగ్గరే మాట మొదలయిద్ది, అందులో కూడా ఏదో ఒకటి కోస్తారు. 12 వేలు ఒక్క రాత్రిలో ఆవిరి. నక్షీ (బొమ్మలు చెక్కే) పని, రాళ్ల పని అయితే తరుగు ఇంకా పైన ఉంటది, అంటే ఇంకా ఎక్కువ ఆవిరి. అమ్మగారికి దాచుకునే బంగారమే కావాలంటే బిళ్లలు (కాయిన్లు) కొని పెట్టుకోండి, వాటికి మజూరీ తక్కువ. నగ మాత్రం ఒంటి మీదకి కొను. రోజూ పెట్టుకునే వస్తువు మజూరీ పెట్టుకున్న ప్రతిరోజూ కొంచెం కొంచెం వసూలయిద్ది, లాకర్లో పడుకున్నదానికి ఎప్పటికీ వసూలవదు. ఇది నా 19 ఏళ్ల అభిప్రాయం, మీ అమ్మగారికి నా పేరు చెప్పమాక.

తరుగు దగ్గర బేరం ఆడొచ్చు, ఆడాలి కూడా. బోర్డు రేటు దగ్గర ఎవరూ తగ్గరు, తరుగులోనే ఉంటది వాళ్ల లాభమంతా. "తరుగు మీద 50 శాతం తగ్గింపు" అని బందర్ రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కడతారు చూడు, అప్పుడు అడగాల్సింది తగ్గింపు ఎంత అని కాదు, తగ్గింపు పోయాక చివరికి ఎంత శాతం పడుతుంది అని. 22 శాతంలో సగం 11. పక్క షాపులో ఏ తగ్గింపూ లేకుండా 9 ఉండొచ్చు. ఒకే రకం గొలుసు రెండు మూడు షాపుల్లో తూయించి ఎస్టిమేట్ స్లిప్ రాయించుకో, నోటి మాట వద్దు, స్లిప్ మీద గ్రాముల లెక్క, తరుగు శాతం, రాళ్ల ధర, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. ఇంటికెళ్లి ఫ్యాన్ కింద కూర్చుని చూస్తే ఎక్కడ తేడా ఉందో అదే కనపడిద్ది. అక్షయ తృతీయ రోజు, ధనత్రయోదశి రోజు మాత్రం బేరానికి పోమాక, ఆ రోజు మాకు నీళ్లు తాగే తీరిక ఉండదు, నీ బేరం వినేదెవరు. మామూలు రోజు పొద్దున పదకొండింటికి వెళ్లు, కౌంటర్లో ఉన్నవాళ్లకి ఓపిక ఉంటది, తట్టలు తట్టలు తీసి చూపిస్తారు.

గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ అని ట్యాగ్ మీద రెండు అంకెలుంటాయి. గ్రాస్ అంటే కాటా మీద పెడితే వచ్చే మొత్తం బరువు, నెట్ అంటే రాళ్లు, పూసలు, లోపల నింపిన లక్క తీసేస్తే మిగిలే బంగారం బరువు. నెక్లెస్ 24 గ్రాములు తూగి, రాళ్లూ లక్కా 5 గ్రాములుంటే నీకొచ్చే బంగారం 19. బంగారం రేటూ తరుగూ 19 మీదే కట్టాలి, రాళ్లకి వేరేగా ధర రాయాలి. మా ఆయన దగ్గర తప్పిపోయింది ఇక్కడే. నల్లపూసల్లో కూడా అంతే, పూసల బరువు పోను చూడు, పూసలు బంగారం రేటుకి కొనుక్కోకు. ఇంకోటి, ఆంటిక్ నగల్లో ఎర్రగా మెరిసే కెంపులు చాలావరకు తయారు చేసిన రాళ్లే, వాటికి తిరిగి అమ్మేటప్పుడు సున్నా. అందానికి కొనుక్కో, తప్పేం లేదు, కానీ మొదటిరోజే సున్నా అనుకుని కొను.

హాల్‌మార్క్ సంగతి చాలామందికి తెలుసు అనుకుంటారు గానీ తీరా అడిగితే "916 ఉందండీ" అంటారు, అంతవరకే తెలుసు. 916 ముద్ర ఎవడైనా కొట్టొచ్చు. ఇప్పుడు మూడు ఉండాలి, బీఐఎస్ (నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) త్రికోణం గుర్తు, స్వచ్ఛత అంటే 22కే916 లాంటిది, వెయ్యి పాళ్లలో 916 బంగారం అని, తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క వస్తువుకే ఇచ్చే నంబరు. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరక్షరాల నంబరు లేకుండా షాపులో అమ్మకూడదు. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ షాపు, ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్ష చేశారు అన్నీ వస్తాయి. వస్తువు కౌంటర్ మీద ఉండగానే కొట్టి చూడు, సిగ్గేం లేదు. యాప్‌లో ఉంగరం అని వచ్చి నీ చేతిలో కమ్మలుంటే అక్కడే ఆగు. ఆ ముద్ర వెంట్రుకంత ఉంటది, భూతద్దం అడుగు, ఇవ్వం అన్నారంటే అదే ఒక సమాధానం. రెండు గ్రాముల లోపు వస్తువులకీ, కుందన్, పోల్కీ అనే పాతకాలపు రాళ్ల పనికీ ఈ తప్పనిసరి వర్తించదు, ఆ వంక పెట్టుకుని మామూలు వస్తువు అంటగట్టేవాళ్లు లేకపోలేదు. అనుమానం వస్తే హాల్‌మార్కింగ్ సెంటర్లో నువ్వే పరీక్ష చేయించుకోవచ్చు, నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు. తక్కువ తేలితే, తగ్గిన బంగారం విలువకి రెండింతలు ఇవ్వాలని, పరీక్ష ఖర్చు కూడా ఇవ్వాలని రూల్ ఉంది. బిల్లు ఉంటేనే ఇదంతా, కచ్చా చీటీ మీద కొంటే జీఎస్టీ మిగిలిందని సంబరం ఒక్కరోజే.

మన జిల్లాల్లో "చిలకలపూడి సరుకు" అని వెక్కిరిస్తారు గానీ, అది బందరు దగ్గర రోల్డ్ గోల్డ్ పనివాళ్ల ఊరు, వాళ్లు గిల్టుని గిల్టు అనే చెప్పి అమ్ముతారు, నిజానికి వాళ్లది నిజాయితీ వ్యాపారం. బంగారం అని చెప్పి తక్కువ బంగారం అమ్మేవాడే దొంగ. ఇంకో మాట, మీ ఆవిడకి నీ లక్షన్నర నగ మీదకి మ్యాచింగ్‌గా చిలకలపూడి గాజులు వేసుకునే అలవాటు ఉంటే నవ్వమాక, అందరం వేసుకుంటాం.

ఇక రవ్వలు. పదేళ్లయింది కదా ఏదైనా రవ్వలది ఇద్దాం అని చాలామందికి ఉంటది, మంచి ఆలోచనే, ఎందుకంటే బ్యాంకులో కూర్చునేవాళ్లకి చిన్న రవ్వల కమ్మలు చీర మీదకీ చుడీదార్ మీదకీ పోతాయి. కానీ కొనే పద్ధతి బంగారంలా కాదు. రవ్వల వస్తువులు ఎక్కువగా 18 క్యారెట్లలో చేస్తారు, 750 ముద్ర ఉంటది, కాబట్టి బంగారం లెక్క 18 క్యారెట్ల రేటుకి వేశారో లేదో చూడు. రాయి బరువు క్యారెట్లలో, క్యారెట్ అంటే 0.2 గ్రాములు, దాన్ని వంద సెంట్లు చేస్తారు. ఇక్కడే జనం పడిపోయేది: "ఇందులో 20 సెంట్లు ఉన్నాయండీ" అంటారు. ఒకటే రాయి 20 సెంట్లా, సెంటు సెంటు రాళ్లు 20 కలిపి 20 సెంట్లా? రెండింటికీ ధరలో చాలా తేడా. చిన్నరాళ్ల గుత్తి దూరం నుంచి పెద్ద రాయిలా కనపడిద్ది, ముచ్చటగానే ఉంటది, దాని ధరకి అది కొను, పెద్ద రాయి ధరకి కొనమాక. రంగు, లోపలి మచ్చలు, కోత, బరువు, ఈ నాలుగూ రాసిన సర్టిఫికెట్ ఉండాలి, ఐజీఐ లాంటి ల్యాబ్ ఇచ్చింది, షాపు సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చింది కాదు. తిరిగి ఇస్తే ఎంత ఇస్తారు, మార్చుకుంటే ఎంత ఇస్తారు, రెండూ వేర్వేరు శాతాలు, రెండూ బిల్లు మీద రాయించుకో.

ల్యాబ్‌లో పెంచిన రవ్వలు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. అవి కూడా వజ్రాలే, గాజు కాదు, కంటితో చూసి చెప్పటం మా వల్ల కూడా కాదు, కౌంటర్లో పెన్నులా పెట్టి టిక్ మనిపించే మెషిన్ ఉంటదే, మామూలు రకం అయితే అది కూడా తవ్వి తీసిన రాయికీ పెంచిన రాయికీ తేడా చెప్పదు. ధర చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేది ఇంకా తక్కువ. నాకు వాటి మీద కోపం లేదు, మీ ఆవిడకి కాస్త పెద్ద రాయి పెట్టుకోవాలని ఉండి నీ దగ్గర లక్షన్నరే ఉంటే అదే దారి. కాకపోతే ల్యాబ్‌ది అని బిల్లు మీద రాయించు, ఆవిడకీ చెప్పు. చెప్పకుండా ఇచ్చి ఐదేళ్ల తర్వాత ఆవిడ దాన్ని మార్చటానికి షాపుకి వెళ్లి, అక్కడ నాలాంటిది కౌంటర్ అవతల నుంచి చెప్తే ఎట్టా ఉంటదో ఊహించుకో. ఆ సీన్ నేను చూశా, ఆవిడ రాయి గురించి ఏడవలేదు.

అన్నట్టు గోల్కొండ వజ్రాలు అంటారు గానీ వాటిల్లో పేరున్నవి చాలా తవ్వింది మన కృష్ణ ఒడ్డునే, అప్పటి గుంటూరు సీమ, ఇప్పటి పల్నాడు జిల్లా కొల్లూరులో. టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి 17వ శతాబ్దంలో వచ్చి చూసి రాసుకున్నాడు. ఇప్పుడా చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది, మనమేమో సూరత్‌లో సాన పట్టినవి ఈఎమ్ఐల్లో కొనుక్కుంటున్నాం.

నీ లక్షన్నరకి నేనైతే ఏం చూస్తానంటే, మొదటిది పొట్టి నల్లపూసలు. పెళ్లప్పుడు పెట్టిన పొడుగు నల్లపూసలు, సూత్రాల గొలుసు ఆఫీసుకి బరువని చాలామంది లోపలికి తోసుకుంటారు, లేకపోతే ఇంట్లో తీసి పెడతారు. రెండు పేటల సన్న నల్లపూసలు, మధ్యలో చిన్న రవ్వల లాకెట్టో, సాదా బంగారు బిళ్లో, ఇది రోజూ మెడలో ఉంటది, మొగుడు పెళ్లిరోజుకి ఇచ్చాడంటే దానికో అర్థం కూడా ఉంది, అత్తగారు కూడా ఏమీ అనలేరు. కొక్కెం గట్టిగా ఉండేది చూడు, పూసలు గుచ్చింది దారమా బంగారు తీగా చూడు, తీగ మీద కట్టిందైతే తెగినా పూసలు నేలంతా పరుచుకోవు. నేను చెప్పి కొనిపించిన వాటిల్లో ఎక్కువ ఇదే.

రెండోది కమ్మలు. ఏడురాళ్ల కమ్మలు మనవాళ్లకి తరతరాలుగా మోజు, రవ్వలతో చేస్తే నీ బడ్జెట్లో చిన్న సైజువి వస్తాయి. జత బరువు చూడకు, ఒక్కో చెవికి ఎంతో చూడు. రోజంతా పెట్టుకునేదానికి చెవికి మూడు నాలుగు గ్రాములు దాటితే సాయంత్రానికి చెవి లాగిద్ది. బుట్టలు ఇష్టమైతే మాటీలు (చెవి నుంచి జుట్టుకి పెట్టే గొలుసులు) కూడా కలిపి చూడు, బరువు జుట్టు మీదకి పోయిద్ది. శీల సైజు మాత్రం మర్చిపోకు, సన్న శీలకి అలవాటైన చెవికి మందం శీల కమ్మలు తెస్తే పెళ్లిరోజు రక్తం చూస్తారు.

గాజులు అయితే సైజు తెలియకుండా అసలు వద్దు. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటారే, అది అంగుళాల లెక్క, పాత రూపాయికి పదహారణాలున్నట్టు అంగుళానికి పదహారు భాగాలు. రెండు నాలుగంటే లోపలి అడ్డకొలత రెండుంపావు అంగుళం, 57 మిల్లీమీటర్లు, రెండు ఆరు 60, రెండు ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు, 63న్నర. ఆవిడ చేతికి వేసుకునే బంగారు గాజు ఒకటి స్కేలు మీద పెట్టి లోపల్నించి కొలువు, బయటనుంచి కాదు. ఉంగరం కూడా అంతే, ఏ వేలికి పెట్టుకునేదో ఆ వేలి ఉంగరమే తీసుకెళ్లు, ఎడమ కుడి చేతుల వేళ్లు ఒక్కలా ఉండవు, ఎండాకాలం మధ్యాహ్నం వేలు ఉబ్బిద్ది. చుట్టూరా రాళ్లున్న ఉంగరం సైజు మార్చటం దాదాపు కుదరదు, ముందు వైపు మాత్రమే రాళ్లున్నదైతే వెనక కోసి టంకం పెట్టి సరిచేస్తారు.

కొనకూడనివి కూడా చెప్తా, ఇవి సర్‌ప్రైజ్‌గా మాత్రం వద్దు. నీలం రాయి. ఆవిడకి నమ్మకం లేకపోయినా వాళ్ల అమ్మకి ఉంటది, జాతకం చూపించకుండా నీలం పెట్టావా అని ఫోను వచ్చిద్ది, ఆ రాత్రే ఎవరికో జలుబు చేసిద్ది, దాని మీదకి తోస్తారు. నవరత్నాలు, పగడం కూడా ఆ లెక్కలోవే. బంగారు పట్టీలు వద్దు, నడుము కింద బంగారం పెట్టటం మనలో చాలా ఇళ్లలో ఒప్పుకోరు, కాళ్లకి వెండే. ఒకాయన ముచ్చటపడి బంగారు పట్టీలు చేయించుకుపోయాడు, వాళ్లమ్మగారు అవి కరిగించి మనవరాలికి గొలుసు చేయించారు. ముత్యాలు బాగుంటాయి గానీ చెమట, సెంటు రెండూ పడవు, రోజూ బస్సులో ఆఫీసుకి పోయేవాళ్లకి వద్దు. తెల్ల బంగారం కొంటే ఒళ్లు దురద పెట్టే మనిషా కాదా కనుక్కో, కొన్నిటిలో నికెల్ కలుస్తది.

సర్‌ప్రైజ్ పాడవకుండా ఇంకో పని. కొనేటప్పుడే మార్పిడికి ఎన్నాళ్లు టైముంది, తరుగు పోకుండా మార్చే గడువు ఎన్ని రోజులు అని అడిగి బిల్లు మీద రాయించుకో. కొన్ని షాపుల్లో వారం ఇస్తారు, కొన్ని చోట్ల అసలు ఇవ్వరు. ఇచ్చిన రోజే "నచ్చకపోతే ఫలానా తేదీ లోపు మార్చుకోవచ్చు" అని ఆవిడకి చెప్పేయ్. అట్టా చెప్పిన మొగుడు తెచ్చిన నగ ఎక్కువగా మార్చరు, అదేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెప్పనివాళ్లవే మార్చటానికి వచ్చేవి.

మీ అమ్మగారికి ఒక చిన్న వెండి కుంకుమ భరిణ కొను, అదే రోజు ఇవ్వు. బరువు గురించి ఇంక మాట రాదు.

చివరగా దొరికిపోయే చోటు ఒకటి చెప్పి ఆపుతా. మీ ఆవిడ ఏదైనా షాపులో నగ కోసం నెలనెలా డబ్బు కట్టే పదకొండు నెలల స్కీము కడతందేమో ముందు తెలుసుకో. కడుతుంటే ఆ షాపు పుస్తకంలో నీ ఇంటి పేరు మీద ఉన్నది ఆవిడ ఫోను నంబరు, నువ్వు బిల్లు కొట్టించగానే "మా వద్ద కొనుగోలు చేసినందుకు ధన్యవాదాలు" అని మెసేజ్ ఎకాయెకి బ్యాంకులో కూర్చున్న ఆవిడ ఫోనుకి పోయిద్ది, గ్రాములతో సహా. ఒక నవంబరులో ఒకాయనకి ఇట్టాగే అయింది, ఆయన కౌంటర్ దగ్గర ఉండగానే భార్య ఫోను చేసి "తరుగు 16 ఎందుకు ఇచ్చావ్, నేనైతే 11కి మాట్లాడేదాన్ని" అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది. మా మేనేజరు 12 చేశాడు. కాబట్టి నీ నంబరే ఇవ్వు, జాయింట్ అకౌంట్ నుంచి కట్టమాక. డబ్బా చూశాక కమ్మల శీల సన్నమో మందమో, నల్లపూసలు ఎన్ని పేటలవి ఉన్నాయో రాయి, అప్పుడు డిజైన్ సంగతి మాట్లాడదాం.